నిద్ర గోళీ: ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు?

ఈసారి వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఒక్క ప్రశ్న చుట్టే తిరిగాయి: ఒకరికి పనిచేసిన నిద్ర గోళీ ఇంకొకరికి ఎందుకు పనిచేయదు? సైకియాట్రీ, నిద్ర సమస్యలు చూసే మా డాక్టర్లు జవాబులిచ్చారు. ఇందులోని మోతాదులు విషయం అర్థం కావడానికి చెప్పినవి. మీ చీటీ మీద ఉన్నదాన్ని మార్చాల్సింది మీ డాక్టరే.

నాకు 41 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. జోల్పిడెమ్ 10 ఎంజీ రాశారు. తొమ్మిదిన్నరకు భోంచేసి పదింటికి వేసుకుంటాను. పదకొండున్నర దాకా దొర్లుతూనే ఉంటాను, మళ్లీ మూడింటికి మెలకువ. నా తోటి ఉద్యోగికి ఇదే గోళీతో హాయిగా నిద్ర పడుతోంది. ఏది ఎవరికి పడుతుందో ముందే చెప్పే రక్తపరీక్షగానీ జన్యుపరీక్షగానీ ఉందా?
— ఒక పాఠకుడు, హన్మకొండ

లేదు. జన్యుపరీక్ష పేరుతో వేలకు వేలు తీసుకుని ఇచ్చే రిపోర్టులు నిద్ర గోళీ ఎంచుకోవడానికి పనికిరావు, ఆ డబ్బు దాచుకోండి. అయితే పరీక్ష లేనంత మాత్రాన అంచనా వేయలేమని కాదు. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే సగం జవాబుంది.

ముందు అన్నం సంగతి. జోల్పిడెమ్ ఖాళీ కడుపున వేసుకుంటే గంటన్నర లోపే రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. నిండు కడుపు మీదయితే రెండు గంటలు దాటుతుంది, ఆ గరిష్ఠం కూడా పావు వంతు తగ్గుతుంది. కాబట్టి మీరు పదకొండున్నర దాకా దొర్లడంలో వింతేమీ లేదు. భోజనం ఎనిమిదింటికి ముగించండి. గోళీ వేసుకోగానే మంచమెక్కండి, ఆ తర్వాత కనీసం 7-8 గంటలు పడుకునే వీలుండాలి. మోతాదు పెంచమని అడిగే ముందు ఒక వారం ఇలా చేసి చూడండి.

ఇక మూడింటి మెలకువ. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. పదింటికి వేసుకున్నది మూడింటికల్లా నాలుగో వంతే మిగులుతుంది. మామూలు జోల్పిడెమ్ నిద్ర పట్టించడానికి మంచిదే, తెల్లవారేదాకా నిలపడానికి చాలదు. అందుకే మెల్లగా కరిగే సీఆర్ రకమో, 3 లేక 6 ఎంజీల చిన్న మోతాదు డాక్సెపినో డాక్టర్లు ఆలోచిస్తారు. కానీ అసలు మూడింటికే ఎందుకు లేస్తున్నారు? గురక పెడతారా, మూత్రానికి లేస్తారా, షుగరుందా, సాయంత్రం పెగ్గు అలవాటుందా, పొద్దున లేస్తూనే మనసు బరువుగా ఉంటుందా? పెగ్గు మొదటి సగం రాత్రి మత్తుగా పడుకోబెట్టి రెండో సగం చెడగొడుతుంది, పైగా జోల్పిడెమ్‌తో కలిస్తే ఊపిరికే ప్రమాదం. తెల్లవారుజామున మెలకువ, దాంతోపాటు దిగులు ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దాని వైద్యం జరగకుండా ఏ నిద్ర గోళీ పెద్దగా సాయపడదు.

మీ తోటి ఉద్యోగి మాటకొద్దాం. ఆయన ఇబ్బంది నిద్ర పట్టకపోవడమే అయి, పట్టాక మెలకువ రాని మనిషైతే ఈ గోళీ ఆయన కోసమే చేసినట్టుంటుంది. ఇంకోటి కూడా ఉంది. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ఈ జాతి గోళీలు మందు లేని ఉత్తుత్తి గోళీ కంటే సుమారు 22 నిమిషాలు ముందుగా నిద్ర పట్టించాయి. మొత్తం ఫలితంలో దాదాపు సగం ఉత్తుత్తి గోళీతోనూ వచ్చింది. గోళీ మీద నమ్మకం, చీటీ రాసిన డాక్టరు మీద గురి, ‘ఇయ్యాల పడుకుంటా’ అన్న ధీమా, ఇవన్నీ ఆ సగంలోనివే. దీన్ని తీసిపారేయక్కర్లేదు, కానీ మొదటి రాత్రి అద్భుతం చూసి నెలకు సరిపడా కొనుక్కోవడం తొందరపాటు.

ఎవరికి మందు పడుతుందో అంచనా వేసేటప్పుడు డాక్టరు చూసేవి ఇంకొన్ని ఉన్నాయి. నిజంగానే ఆరు గంటల లోపు నిద్రపోయేవాళ్లకు మందు అవసరం ఎక్కువని, ఆరేడు గంటలు నిద్రపోతూ కూడా ‘రెండు గంటలే పోయాను’ అనిపించేవాళ్లకు అలవాట్లను సరిదిద్దే చికిత్సే మేలని ఒక వాదం ఉంది. ఆ రెండో రకం వాళ్లు గోళీ మీద గోళీ మార్చినా తృప్తి పడరు, ఎందుకంటే లోటున్నది నిద్రలో కాదు, నిద్ర తెలియడంలో. నెదర్లాండ్స్ పరిశోధకులు 2019లో స్వభావం, జీవిత చరిత్ర ఆధారంగా నిద్రలేమిని ఐదు రకాలుగా విడగొట్టారు. ఆల్ప్రాజోలమ్, క్లోనజిపామ్ లాంటి బెంజోడయాజిపైన్ గోళీలకు ఆ రకాలన్నీ ఒకేలా స్పందించలేదు. ఆ ప్రశ్నావళి ఇంకా ఓపీ గదిలోకి రాలేదు. ఆలోచన మాత్రం సరైనదే.

ఆడవాళ్లకు ఒక మాట. జోల్పిడెమ్ ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందని 2013లో అమెరికా ఔషధ సంస్థ వాళ్ల మోతాదును 10 నుంచి 5 ఎంజీకి, సీఆర్ అయితే 12.5 నుంచి 6.25కి తగ్గించింది. అదే సంస్థ 2019లో మరో హెచ్చరిక పెట్టింది: నిద్రలో నడవడం, వండటం, బండి తీయడం ఒక్కసారి జరిగినా మళ్లీ ఈ గోళీ ముట్టుకోవద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్తే ‘నిద్ర ఎలా ఉంది?’ అంటారు, ‘బాగోలేదు’ అంటాను, గోళీ మారుస్తారు. ఏం చెప్తే సరైన గోళీ వస్తుంది?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

రెండు వారాల నోటుబుక్కు పట్టుకెళ్లండి. పొద్దున లేచాక పది నిమిషాల లోపు రాయండి, రాత్రి గడియారం చూస్తూ రాయొద్దు. లైటు ఆర్పిన టైము, సుమారుగా నిద్ర పట్టిన టైము, ఎన్నిసార్లు లేచారు, మొత్తం ఎంతసేపు మేలుకుని ఉన్నారు, చివరి మెలకువ ఎప్పుడు, మంచం దిగింది ఎప్పుడు. ఇంకో గడిలో టీలు, ఆఖరి టీ టైము, కల్లు లేదా పెగ్గు, పగటి కునుకు, గోళీ పేరు, వేసుకున్న టైము. అంతే.

దీనితో నిద్ర సామర్థ్యం అనే ఒక లెక్క కడతారు. పదింటి నుంచి ఆరింటి దాకా మంచం మీద 8 గంటలు, నిద్ర 5 గంటలయితే 62 శాతం. 85 దాటితే మంచి నిద్ర. ఈ శాతం అరవైల్లో ఉన్నవాళ్లలో చాలామందికి మొదట చేయాల్సింది మంచం మీద గడిపే టైము తగ్గించడం. ఐదు గంటలే నిద్ర పడుతుంటే పన్నెండున్నరకు పడుకుని ఆరింటికి లేవడం, సామర్థ్యం 85 దాటాక పడుకునే వేళను వారానికి 15 నిమిషాల చొప్పున ముందుకు జరపడం. ఐదు గంటల కంటే తగ్గించకూడదు. ఫిట్స్, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు, లారీ నడిపేవాళ్లు సొంతంగా చేయకూడదు. నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే సీబీటీ-ఐ అనే చికిత్సలో ఇది ముఖ్యమైన భాగం. నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది గోళీ కాదు, ఇదేనని అమెరికా ఫిజీషియన్ల సంఘం 2016లోనే చెప్పింది.

మందు పడిందా లేదా అన్నది కూడా అంకెల్లోనే తేలాలి. ఏడు ప్రశ్నల నిద్రలేమి స్కోరు ఒకటుంది, 0 నుంచి 28. 15 నుంచి మధ్యస్థం, 22 నుంచి తీవ్రం. గోళీ మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు మూడు వారాలకు ఒకసారి నింపండి. 8 పాయింట్లు తగ్గితే పడ్డట్టు. రెండో మూడో తగ్గితే పడనట్టే, అప్పుడు మోతాదు పెంచడం కంటే కారణం వెతకడం తెలివైన పని. చీటీలన్నీ కూడా తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పికని ఊళ్లో ఇచ్చిన స్టెరాయిడ్ గోళీ, ఆయాసానికి రాత్రిపూట వేసుకునే డెరిఫిలిన్, సాయంత్రం వేసుకునే బీపీ నీటిగోళీ, ఇవి నిద్ర చెడగొడుతుంటే వాటి వేళ మారిస్తే చాలు, నిద్ర గోళీ అవసరమే రాకపోవచ్చు.

మా బాపుకు 61 ఏళ్లు. రోజూ పొద్దుమూకి రెండు మూడు సీసాల కల్లు తాగుతడు. హెర్నియా ఆపరేషన్‌కు దవాఖానల చేర్పిస్తే రెండో రాత్రికి ఆల్ప్రాజోలమ్ 0.5 ఇచ్చినా కన్ను మూయలె. చేతులు వణికినయి, గోడ మీద పురుగులు పాకుతున్నయన్నడు. ఇంత బలమైన గోళీ ఎందుకు పనిచేయలె?
— ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

ఆయన తాగేది కల్తీ చేసిన ‘మందు కల్లు’ అయితే, ఆ గోళీ ఆయన ఒంటికి కొత్త కాదు గనుక. చెట్టు నుంచి దింపిన తాటి, ఈత కల్లులో నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉంటుంది. మందు కల్లులో దానికి తోడు ఆల్ప్రాజోలమ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు, మత్తు ఎక్కువ కావాలని, నీళ్లు కలిపినా దొరకకూడదని. ఆల్కహాలూ, ఈ మందులూ మెదడులో తట్టేది ఒకే తలుపు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మెదడు ఆ మోతాదుకు అలవాటు పడిపోతుంది. అలాంటి మనిషికి 0.5 ఎంజీ ఆల్ప్రాజోలమ్ లెక్కలోకే రాదు.

మీ బాపుకు వచ్చినది మామూలు నిద్రలేమి కాకపోవచ్చు. కల్లు ఆగితే వచ్చే విత్‌డ్రాయల్ సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఆల్ప్రాజోలమ్ అలవాటైతే ఒకటి రెండు రోజుల్లో, డయాజిపామ్ అయితే వారం దాకా ఆలస్యంగా మొదలవుతుంది: నిద్ర పట్టదు, చెమటలు, వణుకు, లేనివి కనిపించడం, ఫిట్స్. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆస్పత్రులకు ఇలాంటివాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. పిచ్చి లేచిందని కొన్ని ఇళ్లలో మంత్రగాళ్లను పిలుస్తారు. ఆ ఆలస్యంలోనే ఫిట్స్ వస్తాయి.

ఆపరేషన్‌కు చేర్చే రోజే మత్తు డాక్టరుకు చెప్పాల్సినవి: ఎన్నేళ్లుగా తాగుతున్నాడు, రోజుకెన్ని సీసాలు, ఎక్కడ తెచ్చుకుంటాడు, ఆఖరి సీసా ఎప్పుడు, ఎప్పుడైనా ఒకరోజు మానితే ఏమైంది. ఈ ఆఖరి ప్రశ్నకు ‘చేతులు వణికినయి’ అని జవాబొస్తే, నిద్ర గోళీ మామూలు మోతాదులో పనిచేయదని ముందే అంచనా వేయొచ్చు. మూత్రపరీక్షలో బెంజోడయాజిపైన్లు దొరకొచ్చు, క్లోరల్ హైడ్రేట్ మాత్రం ఆ పరీక్షకు చిక్కదు. కాబట్టి రిపోర్టు నెగటివ్ వచ్చినంత మాత్రాన మీరు చెప్పేది అబద్ధమని ఎవరూ అనుకోకూడదు. వైద్యం ఏమిటంటే, డాక్టర్ల కళ్లెదుట ఎక్కువసేపు పనిచేసే డయాజిపామ్ లాంటిది లక్షణాలను బట్టి ఇచ్చి, రోజురోజుకూ తగ్గించుకుంటూ రావడం, థయామిన్ (విటమిన్ బి1) ఇవ్వడం. ఊపిరి మందగిస్తుందేమో చూస్తూ ఉండాలి. ఇంటి దగ్గర సొంతంగా ఒక్కసారే మాన్పించవద్దు. ఎటు తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మా అత్తమ్మకు 72 ఏళ్లు. ఆరేళ్లుగా రోజూ క్లోనజిపామ్ 0.5 వేసుకుంటుంది. ఇప్పుడు ‘గోళీ పని చేస్తలేదు, రెండు వేసుకుంటా’ అంటోంది. పొద్దున బాత్రూం దగ్గర రెండుసార్లు తూలింది. మాన్పించొచ్చా?
— ఒక కోడలు, నర్సంపేట

రెండు వేయనివ్వకండి. క్లోనజిపామ్ సగం తగ్గడానికి 30-40 గంటలు పడుతుంది. ఇవ్వాళ్టిది పోకముందే రేపటిది పడుతుంది, వారం తిరిగేసరికి ఒక గోళీ మీద ఇంకో గోళీ పేరుకుంటుంది. నిద్ర పట్టించే గుణానికి మెదడు అలవాటు పడిపోయింది. తూలించే గుణం మాత్రం పగలంతా అలాగే ఉంది. పెద్దవాళ్లలో ఈ బేరం మొదటి నుంచీ నష్టమే: 60 దాటినవాళ్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2005లో చూస్తే, 13 మందికి నిద్ర గోళీ ఇస్తే ఒకరికి మేలు జరిగింది, 6 మందికి ఇస్తే ఒకరికి కీడు జరిగింది.

మాన్పించొచ్చు, ఒక్కరోజులో కాదు. 2025 అమెరికా మార్గదర్శకాల ప్రకారం 2 నుంచి 4 వారాలకోసారి 5-10 శాతం తగ్గించుకుంటూ పోవాలి, రెండు వారాల్లో 25 శాతం ఎప్పుడూ మించకూడదు. ఇక్కడే చాలామంది తప్పుతారు: 0.5 గోళీని రెండు ముక్కలు చేసి ‘సగం చేశాం’ అంటారు, అది 50 శాతం కోత. నాలుగో రాత్రికి నిద్ర లేక, గుండె దడతో మళ్లీ మొదటికొస్తారు, ‘గోళీ లేకుంటే బతకను’ అన్న భయం గట్టిపడుతుంది. 0.25 గోళీ దొరుకుతుంది, దాన్ని సగం చేస్తే 0.125. వారానికి ఐదు రాత్రులు 0.5, రెండు రాత్రులు 0.375 ఇస్తే వారం మొత్తం 3.5 నుంచి 3.25 ఎంజీకి వస్తుంది, అంటే 7 శాతం. ఒంట్లో ఎక్కువసేపు ఉండే మందు కాబట్టి ఈ హెచ్చుతగ్గు పెద్దగా తెలియదు. జోల్పిడెమ్, ఆల్ప్రాజోలమ్‌లకు ఈ లెక్క కుదరదు. డాక్టరు ఒప్పుకున్నాక క్యాలెండర్ మీద రాసి వంటింట్లో తగిలించండి. మధ్యలో ఒక మెట్టు దగ్గర నెల రోజులు ఆగినా తప్పులేదు.

కెనడాలో 2004లో పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనంలో మోతాదు తగ్గించడం ఒక్కటే చేస్తే 48 శాతం మంది గోళీ మానగలిగారు. సీబీటీ-ఐ కూడా కలిపితే 85 శాతం. అత్తమ్మ ఎనిమిదింటికే మంచమెక్కి మూడింటికి లేచిపోతుంటే, అది ఏడు గంటలు. నిద్ర అయిపోయింది, అంతే. పడుకునే వేళ పదింటికి జరపండి. గురక ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) ఉందేమో చూపించండి, అది ఉన్నవాళ్లకు ఈ జాతి గోళీలు మంచివి కావు.

పడుకోగానే పిక్కల్లో ఏదో పాకినట్టుంటుంది, లేచి నడిస్తే తగ్గుతుంది. రెండు నిద్ర గోళీలు మార్చాను, ఇంకా ఎక్కువైంది.
— ఒక పాఠకురాలు, ములుగు

కదిలించాలనిపించడం, ఊరికే ఉన్నప్పుడే రావడం, నడిస్తే తగ్గడం, రాత్రిపూట పెరగడం, ఈ నాలుగూ ఉంటే రెస్ట్‌లెస్ లెగ్స్ అనే జబ్బు. మీకిచ్చిన గోళీల పేర్లు చూసుకోండి: మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్, మత్తు తెచ్చే జలుబు గోళీలు దీన్ని పెంచుతాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. హిమోగ్లోబిన్ బాగున్నా సరే, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఐరన్ గోళీ, టీతో కాకుండా నిమ్మరసంతో. ఫలితం తెలియడానికి మూడు నెలలు పట్టొచ్చు. అప్పటికీ తగ్గకపోతే గబాపెంటిన్, ప్రిగాబాలిన్ లాంటివి ఉన్నాయి. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

మావారు గోదావరిఖనిలో ఎస్‌డీఎల్ (గనిలో బొగ్గు ఎత్తే యంత్రం) ఆపరేటర్. నైట్ షిఫ్ట్ దిగి గోళీ వేసుకుని పడుకున్నా నాలుగైదు గంటలకే లేస్తారు.
— ఒక పాఠకురాలు, గోదావరిఖని

గోళీ తప్పు కాదు. పొద్దెక్కుతున్నకొద్దీ ఒంటి గడియారం మేలుకోమంటుంది, గోళీ దాన్ని దాటి ఎక్కువసేపు లాగలేదు. మోతాదు పెంచితే నిద్ర పెరగదు, మత్తు తర్వాతి షిఫ్ట్‌లోకి వెళుతుంది, యంత్రం మీద అది ప్రాణాలకే ముప్పు. క్లోనజిపామ్ లాంటి ఎక్కువసేపు ఉండేవి ఆయనకు అసలే వద్దు.

ఎనిమిదింటికి పడుకునేవారైతే రాత్రి రెండు దాటాక టీ వద్దు, కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది. ఇంటికొచ్చే దారిలో నల్ల కళ్లద్దాలు, కిటికీకి మందపాటి పరదా. నాలుగైదు గంటల నిద్రతో సరిపెట్టి, షిఫ్ట్‌కు ముందు సాయంత్రం గంటన్నర కునుకు కలపండి. రెండు ముక్కల నిద్ర కూడా నిద్రే. మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ గోళీ పగటి నిద్రను కొంచెం పొడిగించొచ్చు, ఎక్కువ ఆశించొద్దు. వారం వారం షిఫ్ట్ మారుతుంటే ఏ గోళీ ‘పడిందో’ తేల్చడం కష్టం. పోల్చేటప్పుడు నైట్ వారాన్ని నైట్ వారంతోనే పోల్చండి.

నా వాచీ రాత్రికి 40 నిమిషాలే గాఢనిద్ర అంటోంది. గోళీ కావాలా?
— ఒక పాఠకుడు, కాజీపేట

వద్దు. మణికట్టు వాచీ పడుకున్న, లేచిన వేళలు ఓ మోస్తరుగా చెప్పగలదు. గాఢనిద్ర నిమిషాలు అంచనాలే. పగలు హుషారుగా ఉంటే రాత్రి వాచీ తీసి పెట్టండి.

టీబీ మందులు మొదలుపెట్టాక నా జోల్పిడెమ్ పనిచేయడం మానేసింది. రెండు వేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

వేసుకోకండి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయంలో మందులు విరగ్గొట్టే ఎంజైములను పెంచుతుంది. జోల్పిడెమ్ ఒంటికి అందే మొత్తం సుమారు 70 శాతం పడిపోతుంది. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా ఇదే పని చేస్తాయి. ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే క్లారిథ్రోమైసిన్ తిరగబడి మత్తు పెంచుతుంది. పైగా ఐసోనియాజిడ్‌కు నిద్ర చెడగొట్టే గుణం కొందరిలో ఉంటుంది. టీబీ మందులు రాత్రి కాకుండా పొద్దున పరగడుపున వేసుకుంటున్నారా చూసుకోండి.

ఇప్పుడు రెండు గోళీలకు అలవాటు పడితే ఆర్నెల్ల కోర్సు ముగిశాక ఇబ్బంది. రిఫాంపిసిన్ ప్రభావం సుమారు రెండు వారాల్లో దిగిపోతుంది, అప్పుడు అవే రెండు గోళీలు మీ ఒంట్లో నిజంగా రెండు గోళీలవుతాయి. కోర్సు ముగిసే తేదీ నిద్ర గోళీ రాసే డాక్టరుకు ఇప్పుడే చెప్పి, చీటీ మీద రాయించుకోండి.